మూడో గాస్కెట్ కొనేముందు

శీనూ,

ఫోన్లో సగం నీకు వినపడదు, మిగతా సగం నువ్వు వినవు. అందుకే రాస్తున్నాను.

ఏడాదిలో రెండు హెడ్ గాస్కెట్లు కొట్టేశాయంటే తప్పు గాస్కెట్‌ది కాదురా. ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివావు. షార్ట్ సర్క్యూట్ అలాగే వదిలేసి ఫ్యూజులు మార్చుకుంటూ పోతామా?

మీ ఆమ్నీలో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. పాత మారుతీ 800లోదీ అదే. కింద బ్లాకు పోత ఇనుము, పైన హెడ్డు అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెండింతలు సాగుతుంది. బండి వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ రెండింటి మధ్య నలిగేది గాస్కెట్టే. మామూలు వేడికి తట్టుకుంటుంది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటిందా, హెడ్డు వంగుతుంది. ఇంజను సీటు కిందే కదా, తెలియదా అంటావేమో. వేసవిలో ఆ సీటు ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది, ఎవరు పట్టించుకుంటారు?

నేనూ పట్టించుకోలేదు. ఓ మే నెలలో పెళ్ళివాళ్ళని ఎక్కించుకుని రావులపాలెం దాటాక ఆవిరి లేచింది. కంగారులో సీటెత్తి, కాలువ నీళ్ళు బకెట్టుతో ఇంజను మీద గుమ్మరించాను. చుయ్‌మంది. ఆ వెనకే ‘టిక్’ అని చిన్న చప్పుడు. ఆ టిక్కు ఖరీదు కొత్త హెడ్డు. పెళ్ళికొడుకు ట్రాక్టరెక్కి వెళ్ళాడు.

నువ్వు రేడియేటర్లో బోరు నీళ్ళు పోస్తున్నావు కదూ? మీ అమ్మ నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుందే, అదే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఆ నీళ్ళు అల్యూమినియాన్నీ తినేస్తాయి. హెడ్డు విప్పాక తిప్పి చూడు, నీళ్ళ కంతల చుట్టూ చీమలు కొరికినట్టు గుంటలుంటే ఎంత మంచి గాస్కెట్టయినా అక్కడ కూర్చోదు. రేడియేటర్ శుభ్రం చేయించి, కూలెంటులో బ్యాటరీ నీళ్ళే కలుపు. మూత రబ్బరు ఎండిపోయిందేమో చూడు. ఆ మూత ఒత్తిడి పట్టి ఉంచబట్టే నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. ఫ్యాను వేళకి తిరుగుతోందా? మన మెకానిక్కులు థర్మోస్టాట్ చలిదేశాలకని పీకేస్తుంటారు, అది ఉండాల్సిందే. లేకపోతే ఇంజను వేడెక్కడం ఆలస్యమై పెట్రోలు తాగుతుంది.

హెడ్డు మీద స్టీలు స్కేలు ఐమూలగా పెట్టి, 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ ఆకు కింద దూరుతుందేమో మెకానిక్కుని చూడమను. దూరితే లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించాలి. అదీ అవసరమైనంతే. ఎక్కువ చెక్కితే కంప్రెషన్ పెరిగి ఇంజను నాక్ కొడుతుంది. బోల్టులు మధ్యనుంచి బయటికి, విడతలుగా, టార్క్ రెంచితోనే బిగించాలి. ‘నా చెయ్యే రెంచి’ అనేవాడైతే దండం పెట్టి బండి వెనక్కి తెచ్చేసుకో.

పాత గాస్కెట్లు రెండూ పారేయలేదుగా? ఆదివారం వచ్చేటప్పుడు పేపర్లో చుట్టి పట్రా. సిలిండర్ల మధ్య కాలిందో, నీళ్ళ కంత దగ్గర తెగిందో చూస్తే ఎక్కణ్ణుంచి వెతకాలో తెలుస్తుంది. అప్పటిదాకా స్కూలు పిల్లల్ని ఎక్కించకు.

మీ
మావయ్య