వానకాలానికి వరుగు

నీటి వసతి ఉన్న పెరటికి వేసవి కరవు కాలం కాదు. బావి గట్టున, వాడుక నీరు పారే కాలువ పక్కన గోంగూర, తోటకూర, బచ్చలి ఏపుగా పెరుగుతాయి. చింతచెట్టు చిగురిస్తుంది. కరివేపచెట్టు కొత్త రెమ్మలు తొడుగుతుంది. ఇంటిల్లిపాది తిన్నా మిగిలేంత ఆకు ఒక్కసారిగా చేతికి వస్తుంది. కాని కోసిన ఆకు ఆయుష్షు ఒకటి రెండు దినాలే. శ్రావణ భాద్రపదాలలో ముసురు పట్టిన తరువాత అదే పెరటిలో ఆకు బురదపాలై, పురుగుపట్టి కుళ్లిపోతుంది. ఉన్నప్పుడు వృథా కావడం, కావలసినప్పుడు దొరకకపోవడం అనే ఈ చిక్కుకు తెలుగు గృహిణి కనుగొన్న పరిష్కారమే నిల్వ.

ఈ నేర్పు నిన్న మొన్నటిది కాదు. 1509 నుండి 1529 వరకు విజయనగరాన్ని పాలించిన శ్రీకృష్ణదేవరాయలు తన ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుని అతిథి సేవను ఋతువుల వారీగా వర్ణించాడు. జడివానల దినాలలో ఆ ఇంట వడ్డించిన పదార్థాలలో వడియాలు, వరుగులు ఉన్నాయి. వరుగు అంటే ఎండబెట్టి దాచిన కూర. కొన్ని ప్రాంతాలలో దీనిని ఒరుగు అంటారు. ఎండకాలపు శ్రమ వానకాలపు విస్తరిలో ఫలించడాన్ని ఆ మహాకవి గమనించాడు.

ఆకుకూరల బరువులో ఇంచుమించు 80 నుండి 90 శాతం నీరే. మొక్కకు ఉన్నంతవరకు ఆ నీరే ఆకుకు ప్రాణం. కోసిన తరువాత అదే దాని నాశనానికి హేతువు. సూక్ష్మజీవులు నీరు లేనిదే వృద్ధి చెందలేవు. కనుక నీటిని వదిలించడం, లేదా ఉన్న నీటిని సూక్ష్మజీవులకు దక్కకుండా చేయడం నిల్వ పద్ధతులకు మూలసూత్రం.

మొదటి పద్ధతి ఎండబెట్టడం. కరివేపాకు, పుదీన, మెంతికూర, చింతచిగురు ఇందుకు అనువైనవి. ఉదయం మంచు ఆరిన తరువాత ఆకు కోసి, పురుగు కొట్టిన వాటిని ఏరివేసి, రెండు మూడు నీళ్లలో కడగాలి. నూలుబట్టపై పలుచగా పరచి, గాలి ఆడే వసారాలో నీడపట్టున ఆరబెట్టాలి. తీక్షణమైన ఎండలో ఆకు త్వరగా ఎండుతుంది కాని పచ్చదనం తగ్గుతుంది. శరీరంలో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ కూడా ఎక్కువగా నశిస్తుంది. తోటకూరను ముందుగా మరిగే నీటిలో ఒకటి రెండు నిమిషాలు ముంచి తీస్తే, రంగును, రుచిని చెడగొట్టే ఎంజైములు పనిచేయవు. బచ్చలి ఆకు దళసరిది, జిగురు కలది. దానిని తాజాగా వండుకోవడమే మేలు. నలిపితే ఆకు పొడి కావాలి, వంచితే కాడ విరగాలి. పది కిలోల పచ్చి ఆకు ఎండితే ఇంచుమించు ఒకటి రెండు కిలోలే మిగులుతుంది. దానిని గాలి చొరని సీసాలో, వెలుతురు తగలని చోట ఉంచాలి.

రెండవ పద్ధతి ఊరవేయడం. తెలంగాణలో పుంటికూర అని పిలిచే గోంగూర ఇందుకు ప్రసిద్ధం. ఆకును కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, నూనెలో మగ్గించి, కల్లుప్పు, వేయించిన మిరపకాయలు చేర్చి నూరుతారు. జాడీకి ఎత్తి, పైన నూనె తేలేలా పోసి, మూతికి వాసెన కడతారు. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. నూనె గాలిని అడ్డుకుంటుంది. అయితే నూనెలో ఉన్నదేదీ చెడదనే నమ్మకం ప్రమాదకరం. పులుపు లేని తడి ఆకును నూనెలో ముంచి ఉంచితే, గాలి లేని చోటనే పెరిగే క్లాస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించవచ్చు. తగినంత పులుపు ఉన్నచోట అది పెరగలేదు. గోంగూరకు పులుపు సహజగుణం. పుదీన, కొత్తిమీర నిల్వ పచ్చళ్లకు చింతపండు చేర్చడం రుచి కోసం మాత్రమే కాదని దీనివల్ల తెలుస్తుంది.

జాడీని తడిచేతితో ముట్టరాదని, పొడి గరిటెనే వాడాలని పెద్దలు శాసించేవారు. ఆ కట్టుబాటును చాదస్తమని నవ్వినవారూ ఉన్నారు. కాని ఒక్క నీటిబొట్టు బూజుకు చోటిస్తుందని తరతరాల అనుభవం వారికి నేర్పింది.

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంటివారి కోసం ఆకు కోసి, ఆరబెట్టి, దాచిన గృహిణి అందరి కన్న కడపట భోజనానికి కూర్చోవడం అనేక కుటుంబాలలో కనిపించే వాస్తవం. రక్తహీనతకు కారణాలు అనేకం. ఎండుటాకు దానికి ఔషధం కాదు. అయినా ఎండబెట్టినప్పుడు విటమిన్ సి చాలావరకు పోయినా, ఇనుము, కాల్షియం నిలిచి ఉంటాయి. ఆకుపొడి కలిపిన అన్నంలో నిమ్మరసం పిండుకొంటే ఆ ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. దాచిన చేతికి కూడా ఆ అన్నంలో సమానమైన పాలు దక్కినప్పుడే నిల్వకు సార్థకత.

ఈ విద్య చాలావరకు చూసి నేర్చుకొన్నదే. ‘గుప్పెడు’, ‘చిటికెడు’ అనే కొలతలు చేసేవారి చేతికే తెలుసు. ఆ చేతులు విశ్రమించక ముందే యువతీయువకులు పక్కన కూర్చొని నేర్చుకోవాలి, కొలతలు రాసి ఉంచుకోవాలి. ఆకును పదిలపరచడం ఎంత అవసరమో, ఆ నేర్పును పదిలపరచడం అంతే అవసరం.

కఠిన పదాలకు అర్థాలు
హేతువు : కారణం
తీక్షణం : తీవ్రం
వాసెన : పాత్ర మూతికి కట్టే గుడ్డ
కడపట : చివర

ప్రశ్నలు
1. ఆకుకూరలను నీడపట్టున ఎండబెట్టడం ఎందుకు మేలు?
2. నిల్వ పచ్చడిలో ఉప్పు, నూనె, పులుపు చేసే పనులను వివరించండి.
3. ‘దాచిన చేతికి కూడా సమానమైన పాలు దక్కాలి’ అనడంలోని అంతరార్థాన్ని చర్చించండి.