తుపాను కాలమునకు ముందు కిటికీ అద్దము

ఇంటి కిటికీ అద్దము ఒకటి పగిలినచో, ఆ ఖాళీకి అట్టముక్కయో పాత క్యాలెండరో ఎరువుల సంచియో అడ్డుపెట్టి, "పండుగకు సున్నము వేయించునప్పుడు చూచుకొందము" అని ఊరకుండుట మన గ్రామములలో అలవాటు. సంక్రాంతి జనవరిలో వచ్చును. బంగాళాఖాతపు తుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు మాసములలో వచ్చును. కావున పండుగవరకు వేచియుండుటయనగా, అద్దము లేని కిటికీతో తుపానునకు ఎదురుపోవుట యని అర్థము. చిన్న పని యని తోచుటచేతనే ఇది వాయిదా పడుచున్నది. పంచాయతీ సభ్యులు దీనిని తమ దృష్టికి తెచ్చుకొనవలసిన కారణము కూడ అదియే.

అచ్యుతాపురము ప్రాంతమువారికి ఈ విషయము వేరుగ చెప్పనక్కరలేదు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడువరకు విశాఖపట్టణము జిల్లాలో భాగమై యుండిన ఈ మండలము సముద్రపు టొడ్డుననే యున్నది. పూడిమడక వంటి మత్స్యకార గ్రామములలో సముద్రపు గాలి నేరుగ గుమ్మములోనికి వచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముగల గాలితో విశాఖపట్టణమువద్ద తీరము దాటినది. నాడు విమానాశ్రయపు పైకప్పు దెబ్బతిన్నది. నగరమున ఎన్నో భవనముల అద్దములు రాలిపోయినవి.

ఆ గాలి ఒక కిటికీ అద్దముపై ఎంత బరువు మోపునో లెక్క కట్టి చూడవచ్చును. గాలి వేగమును సెకనుకు మీటర్లలో తీసికొని, ఆ సంఖ్యను దానితోనే హెచ్చించి, వచ్చినదానిని 0.6తో గుణించినచో, ఒక చదరపు మీటరుపై పడు ఒత్తిడి న్యూటనులలో తెలియును. గంటకు 180 కిలోమీటర్లనగా సెకనుకు 50 మీటర్లు. ఈ లెక్కన ఒత్తిడి 1,500 న్యూటనులు, అనగా చదరపు మీటరునకు సుమారు 150 కిలోల బరువు. భారతీయ ప్రమాణముల ప్రకారము విశాఖపట్టణమున కట్టడములకు ప్రాతిపదికగా తీసికొనవలసిన గాలి వేగము కూడ సెకనుకు 50 మీటర్లే. అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తుగల చిన్న అద్దముపై సుమారు 20 కిలోలు పడునన్నమాట. చక్కగా అమర్చిన మంచి అద్దము దీనిని ఓర్చుకొనును. మూల పగిలినదియు, పుట్టీ రాలిపోయి గాడిలో కదలాడుచున్నదియు ఓర్చుకొనలేవు. అట్టముక్క మాట చెప్పనే యక్కరలేదు.

అద్దము పోయిన పిదప జరుగునది ఇంకను ముఖ్యము. గాలి వచ్చు వైపున కిటికీ తెరచుకొన్నచో, లోనికి దూరిన గాలి ఇంటిని లోపలినుండి ఉబ్బించును. బయట పైకప్పుమీదుగా పోవు గాలి కప్పును పైకి లాగుచుండును. ఈ రెండు బలములును కలిసినప్పుడు రేకులు కొక్కెములతో సహా లేచిపోవును. కొన్ని వందల రూపాయల అద్దమును మార్చని యింటివారు కొన్నివేల రూపాయల కప్పును పోగొట్టుకొనుట ఇట్లు జరుగును.

ఇక్కడ రెండు అపోహలను తొలగింపవలసియున్నది. అద్దముపై రెండు బద్దలవలె అడ్డముగ టేపు అంటించినచో అద్దమునకు బలము వచ్చునని కొందరనుకొందురు. బలము రాదు, పగిలిన ముక్కలు మరింత పెద్దవిగ, ప్రమాదకరముగ రాలవచ్చును. గాలి తగులని వైపు కిటికీ తెరచియుంచినచో ఒత్తిడి సరిపోవునన్నది రెండవది. తుపానులో గాలి దిక్కు మారుచుండును గనుక, తెరచిన కిటికీయే కొంతసేపటికి గాలికి ఎదురగును. అన్నియు మూసియుంచుటే క్షేమము. మన పాత ఇండ్లలో అద్దము లేని పలకల తలుపులుండెడివి. వెలుతురు తక్కువైనను, తుపానురాత్రి వాటిని మించినవి లేవు. అట్టి తలుపులున్నవారు వాటిని ఊడదీసి అమ్ముకొనకుందురు గాక.

ఎందుకు పగిలెనో ముందు చూడవలెను

అద్దము మార్చించిన ఆరు నెలలకే అదే మూలన మరల పగిలెనని వడ్రంగిని నిందించువారు కలరు. తప్పు చాలవరకు అద్దములో లేదు. కిటికీ రెక్కను తెరచినప్పుడు ఆపియుంచు కొక్కెము లేకపోవుటయే మొదటి కారణము. కొక్కెము లేని రెక్క ప్రతి గాలికిని గోడకు కొట్టుకొనును. ఎన్ని అద్దములు వేసినను నిలువవు. కొత్త అద్దమునకు ముందు కొత్త కొక్కెము వేయించుట లాభము.

తీర గ్రామములలో రెండవ కారణము తుప్పు. ఇనుప చట్రముల కిటికీలు బడులలోను, పాత ప్రభుత్వ భవనములలోను విస్తారముగ కలవు. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె కొన్నిరెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును. గాడిలో ఆ చోటు లేదు కావున, ఉబ్బిన తుప్పు అద్దపు అంచును నొక్కును. ఎవరును రాయి వేయకుండ, బంతి తగులకుండ, ఒకనాటి ఉదయమున అద్దము మూలనుండి చీలియుండును. అట్టిచోట తుప్పును ఇనుము మెరయువరకు గోకి, తుప్పునాపు ప్రైమరు రెండు పూతలు వేయక కొత్త అద్దము పెట్టుట డబ్బు పారవేయుటయే. చెక్క చట్రములలో వానకాలపు ఉబ్బు ఇట్టి పనినే చేయును, అయితే నెమ్మదిగ.

కొలత, ఎంపిక

పగిలిన అద్దమును చూచి కొలత తీయరాదు. పాత అద్దమును, పుట్టీని పూర్తిగ తొలగించి గాడి శుభ్రమైన పిదపనే కొలువవలెను. వెడల్పును పైన, నడుమ, క్రింద మూడుచోట్ల కొలిచి, వానిలో తక్కువదానిని తీసికొనవలెను. ఎత్తును కూడ అట్లే. వచ్చిన కొలతలనుండి మూడేసి మిల్లీమీటర్లు తగ్గించి దుకాణమువానికి చెప్పవలెను. ఈ తగ్గింపు లేనిచో చెక్క ఉబ్బినప్పుడు అద్దమునకు కదలుటకు చోటుండదు. మూలనుండి మూలకు ఏటవాలుగ రెండు కొలతలును తీసి చూడవలెను. అవి సమానము కానిచో చట్రము ఒరిగినదని గ్రహించి, అట్ట కత్తిరించి నమూనా తీసికొనిపోవుట మంచిది.

చిన్న గళ్ల కిటికీకి 3 మిల్లీమీటర్ల మందము చాలును గాని, తీరమున 4 మిల్లీమీటర్లది వేయుట మేలు. పెద్ద రెక్కలకు 5. గాజు ఒక మిల్లీమీటరు మందమునకు చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగును. కావున మందము పెంచునప్పుడు రెక్కను మోయు బందులు గట్టిగనున్నవో లేవో చూడవలెను. పాత ఇంటిలో ఒక గడికి కొత్త అద్దము వేసినప్పుడు అది ప్రక్కవానితో సరిపడక మరీ తేటగ కన్పించవచ్చును. అది లోపము కాదు. 1959లో ఇంగ్లండునందలి పిల్కింగ్టన్ సంస్థ కరిగిన తగరముపై గాజును తేల్చి పలకలు చేయు పద్ధతిని ప్రకటించినది. నేటి అద్దములు ఆ పద్ధతిలో చేసినవి. అంతకుముందటి పద్ధతిలో సాగదీసిన పలకలలో సన్నని అలలు కన్పించును.

అమర్చు విధానము

ముందుగ చేతులకు దళసరి తొడుగులు, కాళ్లకు చెప్పులు, కంటికి అద్దాలు ఉండవలెను. పిల్లలను ఆవరణనుండి పంపివేయవలెను. క్రింద పాత దుప్పటి పరచి, పగిలిన అద్దముపై వార్తాపత్రిక అంటించి, ముక్కలను పైనుండి క్రిందికి ఒక్కొక్కటిగ లాగవలెను. క్రిందివి ముందు తీసినచో పైవి చేతిపై పడును.

గట్టిపడిన పుట్టీని ఉలితో, సుత్తితో నెమ్మదిగ ఊడదీయవలెను. అందులోని చిన్న మేకులను పట్టకారుతో లాగివేయవలెను. గరుకు కాగితముతో రుద్దిన గాడికి ఒక పూత ప్రైమరు వేసి ఆరనీయవలెను. ఈ పూతను చాలమంది వదలివేయుదురు. పుట్టీ సుద్దపొడిని అవిసెనూనెతో కలిపి చేసిన ముద్ద. ఎండిన పచ్చి చెక్క ఆ నూనెను పీల్చివేయును. నూనె పోయిన పుట్టీ ఏడాదిలోపలనే పొడియై రాలును. వడ్రంగి తొందరపడినను, ఇంటివారు ఈ పూతకు పట్టుపట్టవలెను.

ప్రైమరు ఆరిన పిదప పుట్టీని రొట్టెపిండివలె చేతితో పిసికి మెత్తపరచి, గాడి పొడవునను రెండు మూడు మిల్లీమీటర్ల పొర పరువవలెను. అద్దమునకు మెత్తని పడక ఇదియే. క్రింది అంచును ముందు గాడిలో ఆనించి, పిదప పైభాగమును నెట్టి, అంచులవెంబడి మాత్రమే వ్రేళ్లతో నొక్కవలెను. నడుమ నొక్కినచో అద్దము అక్కడికక్కడే విరుగును. అద్దము వెనుకకు పొంగిన పుట్టీని తరువాత కోసివేయవచ్చును.

తలలేని సన్నమేకులను జానెడేసి దూరమున, అద్దమునకు ఆనుకొనునట్లు చెక్కలోనికి కొట్టవలెను. సుత్తిని పైకెత్తి కొట్టరాదు. అద్దముపై జారించుచు ప్రక్కగ తట్టవలెను. అద్దమును గాలిలో పట్టియుంచునవి ఈ మేకులే, పుట్టీ కాదు. తుపాను తీరమున వీనిసంఖ్య తగ్గింపరాదు. ఆపై ముందువైపు పుట్టీని వేసి, కత్తితో ఏటవాలుగ దిద్దవలెను. వాన నీరు నిలువక జారిపోవుటకే ఈ వాలు. పుట్టీకి బదులు బీడింగు బద్దలతో బిగించిన కిటికీలలో, బద్దలను విరుగకుండ ఊడదీసి, అద్దమును సిలికాను జిగురు పొరపై కూర్చుండబెట్టి, మరల అవే బద్దలను ఇత్తడి మేకులతో బిగింపవచ్చును. ఉప్పుగాలికి ఇనుప మేకులకంటె ఇత్తడివి నిలుచును.

ఇనుప చట్రములలో మేకులకు బదులు చట్రపు రంధ్రములలో దూర్చు స్ప్రింగు క్లిప్పులుండును. వానిని పారవేయక దాచవలెను. ఇనుమునకు వేరు పుట్టీ కలదు. చెక్క పుట్టీ అక్కడ సరిగ గట్టిపడదు. అల్యూమినియము జరుగుడు కిటికీలలో అద్దమును రబ్బరు పట్టీ పట్టియుంచును. చట్రమును విప్పవలసియుండును గనుక ఆ పని తెలిసినవారికి అప్పగించుట మంచిది.

బడి, అంగన్‌వాడీ

చిన్నపిల్లలు తిరుగుచోట, నేలకు మూడడుగులలోపల నుండు కిటికీలకు సాధారణపు అద్దము వేయరాదు. పగిలినప్పుడు కత్తివంటి ముక్కలుగ గాక చిన్న పలుకులుగ రాలు గట్టిపరచిన గాజు దొరకును. దానిని ఒకసారి గట్టిపరచిన తరువాత కోయుట సాధ్యము కాదు. కావున సరియైన కొలతకు ముందుగనే తయారు చేయించుకొనవలెను. రెండు పలకలమధ్య పొర అతికించిన గాజు పగిలినను ఆ పొరకు అంటియే యుండును. భద్రతా గాజునకు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 2553. కొనుగోలు తీర్మానములో ఆ సంఖ్యను వ్రాయించినచో, తక్కువ రకము తెచ్చిపెట్టుటకు వీలుండదు. పాలీకార్బొనేటు రేకు చౌకగ తోచును, పగులదు. కాని ఎండకు కొన్నాళ్లలో పచ్చబడి గదిని చీకటి చేయును.

పగిలిన ముక్కల సంగతి సభ్యులు ప్రత్యేకముగ చూడవలెను. వానిని వంటింటి చెత్తలో కలిపి సంచి కట్టినచో, మరునాటి ఉదయమున ఆ సంచిని ఎత్తు పారిశుద్ధ్య కార్మికురాలి చేయి తెగును. దళసరి అట్టపెట్టెలో వేసి, తాడు కట్టి, పైన "గాజు" అని పెద్ద అక్షరములతో వ్రాసి, ఆమె చేతికే చెప్పి ఇయ్యవలెను. ఊరి చెరువుగట్టున పారవేయుట ఎంతమాత్రము తగదు. అక్కడ పశువులును, వట్టికాళ్లతో పిల్లలును నడచుదురు.

పంచాయతీ చేయదగిన పని పెద్దది కాదు. ఆగస్టు సమావేశములో వార్డు సభ్యులొక్కొక్కరు తమ వార్డులోని బడి, అంగన్‌వాడీ, పంచాయతీ కార్యాలయము, ఒంటరిగ నున్న వృద్ధుల ఇండ్లు చూచి, పగిలినవి, బీటలువారినవి, కొక్కెము లేనివి ఎన్నో కాగితముపై వ్రాసి తేవలెను. బడిసంగతి ప్రధానోపాధ్యాయునితోను తల్లిదండ్రుల కమిటీతోను మాట్లాడవలెను. కొలతలన్నియు ఒకే పట్టికగ చేర్చి అనకాపల్లిలో ఒకేసారి కోయించినచో రవాణా ఖర్చు కలిసివచ్చును. వడ్రంగి కూడ ఒకే రాకలో ముగించును. తేదీలు మాత్రము వెనుకనుండి లెక్కించుకొనవలెను. పుట్టీపై పొర గట్టిపడుటకు రెండు వారములు పట్టును, ఆపైగాని రంగు వేయరాదు. రంగు అద్దముపైకి ఒక సన్నని గీత ప్రాకునట్లు వేసినచో సందులో నీరు దిగదు. అక్టోబరు మొదటివారమునకు రంగు పూర్తి కావలెనన్నచో, సెప్టెంబరు 15 నాటికి అద్దములన్నియు గాడులలో కూర్చుండవలెను.