కొలిమిలో కర్రు: ఉదయగిరి, ఆత్మకూరు నేలలకు తగిన పదును

నెల్లూరు జిల్లా పశ్చిమాన, వెలిగొండల పాదాన ఉన్న ఉదయగిరి ప్రాంతపు మెట్ట నేలలలో గులకరాళ్లతో కూడిన ఎర్ర నేలలు విస్తారం. ఆత్మకూరు ప్రాంతంలో పెన్నా, సోమశిల జలాశయం నీరందే చోట మాగాణి సాగవుతుంది. ఈ రెండింటికీ ఒకే పదును సరిపోదు. దుక్కి సిఫారసులలో నాగలి రకం, లోతు తప్పక పేర్కొంటారు గాని, కర్రు ఏ ఇనుముతో, ఎలా తయారైందో అరుదుగా అడుగుతారు.

ఎర్ర మెట్టలో కర్రును అరగదీసేది పలుగురాయి. మోస్ కొలమానంలో దాని గట్టితనం 7. అరుగుదలను తగ్గించుటకు ఉక్కును మరీ గట్టిపరిస్తే, రాయి తగిలినపుడు ముక్కు విరుగుతుంది. బండబారిన కర్రు లోతుకు దిగదు, ఎడ్లకు లాగుడు భారం పెరుగుతుంది. వాన పడిన తరువాత నేల అదను కొద్ది రోజులే ఉండే మెట్ట సేద్యంలో ఇది చిన్న నష్టం కాదు.

కర్బనం 0.2 శాతానికి మించని మెత్తని ఇనుమును ఎంత కాల్చి నీట ముంచినా చెప్పుకోదగినంత గట్టిపడదు. కమ్మరి పాత లారీ కమాను పట్టీని ఎంచుకొనుటకు కారణమిదే. అందులో కర్బనం సుమారు 0.5-0.6 శాతం ఉంటుంది. దానిని నారింజ-పసుపు రంగు వచ్చేవరకు, అంటే సుమారు 1,000-1,100 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చి, దాగలిపై సమ్మెటతో సాగగొట్టాలి. కోసి తీసిన ముక్కలో లోహపు పోగులు అంచు వద్ద తెగుతాయి. సాగగొట్టినపుడు అవి కర్రు వంపును అనుసరిస్తాయి. ఎరుపు మందగించిన తరువాత కొట్టరాదు, పగుళ్లు వస్తాయి. పదేపదే కాల్చినా పైపొరలోని కర్బనం హరిస్తుంది. తక్కువ కాకలలో పని ముగించగలగడమే కమ్మరి నేర్పు.

పదును పెట్టునపుడు ముక్కును మాత్రమే ముంచి తీసి, రాతిపై రుద్ది మెరుపు తెస్తారు. వెనుక భాగంలో మిగిలిన వేడి ముందుకు పాకి, ముక్కు మొదట గడ్డి రంగుకు (సుమారు 230 డిగ్రీలు), తరువాత ఊదాకు (280), నీలానికి (300) మారుతుంది. గులక నేలకు ఊదా దాటిన తరువాత, రాళ్లు లేని నేలకు అంతకు ముందే ఆపుట మేలు. కమాను ఉక్కు నీటిలో చిట్లవచ్చు గనుక నూనెలో ముంచుట క్షేమం.

ముంచుటకు తగిన వేడిని ఎండలో రంగు చూసి గుర్తించుట కష్టం. ఉక్కు సుమారు 770 డిగ్రీల వద్ద అయస్కాంతానికి అంటుకొనుట మానుతుంది; ఆపై ఇంకొంత కాల్చి ముంచాలి. విస్తరణ శాస్త్రవేత్త కొలిమికి వెళ్లునపుడు ఒక అయస్కాంతం, ఒక ఆకురాయి వెంట తీసుకొనిపోవచ్చును. ముంచిన వెంటనే, రంగు పారకముందు, ముక్కుపై ఆకురాయి కొరకక జారితే ఉక్కు గట్టిపడినట్లే.