అర్ధదూర ట్రయథ్లాన్ – ఒక అధ్యయనము, ఒక అనుభవము

ఈత, సైకిలు, పరుగు – ఈ మూడింటిని నడుమ విశ్రాంతి లేకుండ ఒకదాని వెంట ఒకటిగా పూర్తిచేయు పోటీకి ట్రయథ్లాన్ అని పేరు. గ్రీకు మూలములనుండి కూర్చిన ఈ మాటకు 'మూడు పోటీలు' అని అర్థము. మన కళాశాల వార్షికోత్సవములలో వంద మీటర్ల పరుగు, కబడ్డీ, వాలీబాల్ చూచిన విద్యార్థులకు ఈ క్రీడ కొంత వింతగా తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. మేమిద్దరము ఈ కళాశాలలో ఉపన్యాసకులము. ఒకరము భౌతికశాస్త్రము, ఒకరము ఉర్దూ బోధించుచున్నాము. 2022 నవంబరు 13వ తేదీన గోవాలో జరిగిన అర్ధదూర పోటీలో పాల్గొన్నాము. ఆ అనుభవమును, దానికై నేర్చుకొన్న విషయములను మా విద్యార్థుల ముందుంచుట ఈ వ్యాసోద్దేశము. మాకు నాలుగు దినముల సెలవు మంజూరు చేసిన కమిటీవారికి కూడ ఆ సెలవు ఎట్లు ఖర్చయినదో తెలిసికొనుటకు హక్కున్నది.

ఈ క్రీడ పుట్టి ఎంతో కాలము కాలేదు. 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్‌డియాగో నగరమున, మిషన్ బే అను చోట 46 మంది కలిసి ఆడిన పోటీని ఆధునిక ట్రయథ్లాన్‌కు ఆరంభముగా చెప్పుదురు. నాలుగు సంవత్సరముల తరువాత, 1978 ఫిబ్రవరి 18న, హవాయి ద్వీపములలోని ఓఆహూలో జాన్ కాలిన్స్ అను నౌకాదళాధికారియు, ఆయన భార్య జూడీయు కలిసి మరింత దీర్ఘమైన పోటీని ఏర్పరచినారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు! 15 మంది బయలుదేరగా 12 మంది ముగించినారు. గార్డన్ హాలర్ అను నతడు 11 గంటల 46 నిమిషములలో ప్రథముడైనాడు. ద్వితీయుడైన జాన్ డన్‌బార్‌కు, వెంట వచ్చిన సహాయకుల వద్ద నీరు నిండుకొనగా, వారు బీరు అందించినారట. ఫలితము పాఠకులే ఊహించుకొనవచ్చును.

2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో దీనికి చోటు లభించినది. అక్కడి దూరములు చిన్నవి. హవాయి దూరములో సరిగా సగమును అర్ధదూర పోటీ అందురు: 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తము 113 కిలోమీటర్లు, మైళ్ళలో 70.3. ఆ అంకెయే ఈ పోటీకి పేరుగా కూడ నిలిచినది. గోవాలోని మీరామార్ తీరమున 2019 అక్టోబరు 20న ఇది మొదటిసారి జరిగినది.

ఇక లెక్క చూతము. భౌతికశాస్త్ర విద్యార్థులు కాగితము, కలము తీసికొనవచ్చును. పోటీదారుడు నీటిలో దిగినది మొదలు 1 గంట 10 నిమిషములలో ఈత ముగించవలెను. 5 గంటల 30 నిమిషములు గడచులోగా సైకిలు దిగవలెను. 8 గంటల 30 నిమిషములకు పరుగు ముగియవలెను. ఏ గడువు దాటినను అక్కడికక్కడే ఆపివేయుదురు. ఈత గడువునకు నూరు మీటర్లకు 3 నిమిషముల 41 సెకండ్లు చాలును. ఈత, బట్టల మార్పు కలిసి 1 గంట 15 నిమిషములు పట్టినచో, 90 కిలోమీటర్లకు 4 గంటల 15 నిమిషములు మిగులును. అనగా గంటకు 21 కిలోమీటర్ల పైచిలుకు సరాసరి వేగము కావలెను. కాగితముపై ఇది సులభముగనే కనిపించును. మేమును కాగితము చూచియే ప్రవేశ రుసుము చెల్లించినాము.

మాలో చిన్నవాడు పల్లెటూరివాడు. నడుమునకు సొరకాయ బుర్ర కట్టుకొని వ్యవసాయపు బావిలో ఈత నేర్చినవాడు. పెద్దవాని సంగతి వేరు. పన్నెండవ ఏట కాలువలో మునిగి, ఎవరో జుట్టు పట్టి లాగగా బ్రతికి, ఆ తరువాత ముప్పది ఏండ్లకు పైగా మోకాలిలోతు దాటి నీటిలో దిగనివాడు. ఇట్టివాడు సముద్రములో రెండు కిలోమీటర్లు ఈదుటయా అని ఇంటిలోనివారు అడిగినారు. సమాధానము చెప్పుటకు మాకును ఏమియు తోచలేదు.

భయమునకు శాస్త్రజ్ఞానము ఔషధము కాదు గాని, కొంత ఊతము ఇచ్చును. నీటిలో తల పైకెత్తినచో నడుము, కాళ్ళు క్రిందికి దిగును. అప్పుడు శరీరము నీటిని అడ్డముగా త్రోయవలసివచ్చి, అలసట హెచ్చును. తల నీటిలో ఉంచి, చూపు అడుగువైపు నిలిపినచో దేహము బల్లవలె తేలును. మునుగుదునేమో అను భయముతో తల ఎత్తువాడే మునుగును! రెండవ విషయము శ్వాస. నేర్చుకొనువారు గాలి పీల్చుట గురించియే చింతింతురు గాని, అసలు సాధన వదలుటలో ఉన్నది. ముఖము నీటిలో ఉన్నంతసేపు ముక్కుతో మెల్లగా గాలి వదలుచుండవలెను. అప్పుడు ప్రక్కకు తిరిగిన క్షణములో గాలి దానంతట అదియే లోనికి వచ్చును. పెద్దవాడు మొదటి మూడు వారములు బకెట్టులో ముఖముంచి ఈ ఒక్క పనియే చేసినాడు. హాస్టలు పిల్లలు నవ్వినారు. నవ్వుట న్యాయమే. ఆ తరువాత చిన్నవాడు చేయిపట్టి నడుములోతు నీటిలో నిలబెట్టినాడు. ఒక్కరుగా నీటిలో దిగరాదను నియమమును మేము ఆనాటినుండి ఒక్కసారియు తప్పలేదు. మా విద్యార్థులకు చెరువులు, క్వారీ గుంటలు చూపి మేము మొట్టమొదట చెప్పునది కూడ ఇదియే.

సైకిలు విషయములో శత్రువు గాలి. గాలి ఎదురించు బలము వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును; దానిని జయించుటకు కావలసిన సామర్థ్యము వేగము యొక్క ఘనమును బట్టి పెరుగును. గంటకు 20 కిలోమీటర్లనుండి 25కు వేగము పెంచినచో, గాలి కొరకే దాదాపు రెట్టింపు శక్తి వెచ్చించవలెను. అందువలన మొదటి గంటలో ఉత్సాహముతో పరుగెత్తించినవాడు, చివరి గంటలో అప్పు వడ్డీతో తీర్చును. ముందున్నవాని వెనుక నక్కి గాలి తప్పించుకొనుట ఈ పోటీలో నిషిద్ధము. ఇరువురి నడుమ 12 మీటర్ల దూరముండవలెను.

ఆహారమును గురించి వివరముగా చెప్పవలసియున్నది, ఏలయన మొదటిసారి పాల్గొనువారు ఎక్కువగా పొరబడునది ఇక్కడనే. కండరములలోను, కాలేయములోను నిలువయుండు గ్లైకోజెన్ సుమారు అర కిలోగ్రాము; దానినుండి రెండువేల కాలరీలు లభించును. ఎనిమిది గంటల శ్రమకు అది చాలదు. కొవ్వు కొంత అందించును గాని, మెల్లగా అందించును. అందుచే గంటకు 60 గ్రాముల పిండిపదార్థము తినుచుండవలెను. ఒక మధ్యరకపు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉండును. మేము అరటిపండ్లు, ఖర్జూరములు, ఉప్పు చల్లిన ఉడికిన బంగాళదుంపలు, బెల్లము కలిపిన నిమ్మరసము అలవాటు చేసికొన్నాము. కడుపునకు కూడ సాధన అవసరము; పోటీనాడు కొత్త వస్తువేదియు నోట పెట్టరాదు. ఆ ఏడు ఏప్రిల్ నెలంతయు రంజాన్ ఉపవాసములు వచ్చినవి. చిన్నవాడు ఉపవాసముండి, ఇఫ్తారుకు ముందు అరగంట మాత్రము తేలికగా సైకిలు తొక్కి, మిగిలిన సాధనను రాత్రికి మార్చుకొన్నాడు. వేగము తగ్గలేదు. నిద్రయే తగ్గినది.

నీటికి కూడ కొలత కలదు. గంటసేపు సైకిలు తొక్కుటకు ముందును, తరువాతను తూకము చూచుకొనవలెను. తగ్గిన ప్రతి కిలోకు ఒక లీటరు చెమట పోయినట్లు లెక్క. దాహమునకు భయపడి లీటర్లకొలది వట్టి నీరు త్రాగుట కూడ ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షింపబడిన 488 మందిలో 13 శాతము మందికి రక్తములో సోడియము ఉండవలసిన దానికంటె తక్కువగా ఉన్నదని తేలినది. అతిగా త్రాగి బరువు పెరిగినవారిలో ఇది ఎక్కువ. అందుచే ఉప్పు కలిపిన నీటిని, దాహమును అనుసరించి త్రాగితిమి.

పోటీనాటి ఉదయము మీరామార్ ఇసుకపై నిలిచినప్పుడు పెద్దవాని చేతులు వణకినవి. అందరు ఒకేసారి దూకక, కొద్దికొద్దిమందిగా నీటిలోనికి పంపుదురు. ఎవరి గడియారము వారిది. మొదటి రెండువందల మీటర్లలో ఎవరిదో పాదము ముఖమునకు తగిలి ఉప్పునీరు మ్రింగినాడు. పాత కాలువ జ్ఞప్తికి వచ్చినది. రక్షకుని పడవ దగ్గరలోనే ఉన్నది. చేయి ఎత్తినచో చాలును. వెల్లకిల తిరిగి ఇరువది ఊపిరులు లెక్కించి, మరల బోర్లపడి గాలి వదలుట మొదలుపెట్టినాడు. బకెట్టు పాఠము అక్కడ పనికివచ్చినది. 1 గంట 6 నిమిషములకు కాలు ఇసుకకు తగిలినది. గడువునకు నాలుగు నిమిషములు మిగిలినవి.

చిన్నవాడు 46 నిమిషములలోనే ఒడ్డు చేరి సైకిలెక్కినాడు. ఆతనిని గురించి మాకెవ్వరికిని చింత లేదు. అయితే ముప్పదవ కిలోమీటరు వద్ద వెనుక చక్రము పంక్చరు పడినది. ఇంటివద్ద ముందు చక్రము విప్పుట అభ్యసించినాము. గొలుసు, గేర్లు ఉన్న వెనుక చక్రమును ఒక్కనాడును విప్పలేదు. కంగారులో టైరు లీవరు క్రింద క్రొత్త ట్యూబు నలిగి చినిగినది. రెండవ ట్యూబునకు గాలి కొట్టునప్పుడు వాల్వు విరిగినది. ఇక మరమ్మతు బండి వచ్చువరకు రోడ్డు ప్రక్కన నిలబడవలసివచ్చినది. అరగంట తరువాత పెద్దవాడు అటు రాగా, సైకిలు తలక్రిందులుగా పెట్టి నల్లని చేతులతో కూర్చున్న చిన్నవాడు కనిపించినాడు. బ్రేకు వేయబోగా, "ఆగకండి సార్, మీకు టైము లేదు, వెళ్ళండి!" అని కేక వేసినాడు. వెళ్ళినాడు. ఆ వెళ్ళుట న్యాయమా కాదా అని మేమిద్దరము నేటికిని వాదించుకొనుచునే ఉన్నాము. వెళ్ళుటయే సరియని చిన్నవాని పక్షము.

పెద్దవాడు 5 గంటల 23 నిమిషములకు సైకిలు దిగినాడు. చిన్నవాడు పోయిన యాబది నిమిషములను పట్టుకొనవలెనని ఎంత తొక్కినను, 5 గంటల 35 నిమిషములు పట్టినది. గడువు దాటి ఐదు నిమిషములు. అక్కడి కార్యకర్త మర్యాదగా కాలి పట్టీని అడిగి తీసికొన్నాడు.

సైకిలు తరువాతి పరుగునకు కాళ్ళు మొదట మాట వినవు. కొయ్య కాళ్ళవలె ఉండును. దీనికై వారమునకొకసారి సైకిలు దిగిన వెంటనే ఇరువది నిమిషములు పరుగెత్తి అలవాటు చేసికొనవలెను. గోవా ఎండలో నడచుచు, పరుగెత్తుచు, తలపై నీళ్ళు పోసికొనుచు పెద్దవాడు ముగింపు గీత దాటునప్పటికి 8 గంటల 21 నిమిషములు. అడ్డుకంచె వెనుక చిన్నవాడు అతని చెప్పులు చేత పట్టుకొని నిలబడియున్నాడు. పతకము వైపు చూడలేదు; "వెనుక చక్రము, సార్, వెనుక చక్రము" అని మాత్రము అన్నాడు.

ఇప్పుడు మేము ప్రతి ఆదివారము ఉదయము 6 గంటలకు హాస్టలు వరండాలో సైకిలు తలక్రిందులు చేసి వెనుక చక్రము విప్పి, ట్యూబు మార్చి, బిగించుచున్నాము. మొదట పదునెనిమిది నిమిషములు పట్టినది, ఇప్పుడు ఏడు. నేర్చుకొనదలచిన విద్యార్థులు రావచ్చును. పాత ట్యూబు ఒకటి, చేతులు తుడుచుకొనుటకు గుడ్డ ఒకటి వెంట తెచ్చుకొనవలెను.