మెటాడేటా: పట్టికను గురించిన సమాచారం

మీ తరగతి హాజరు పట్టీని ఎప్పుడైనా పరిశీలించారా? మాస్టారు పేర్లు రాయడానికి ముందే అందులో గళ్ళు గీసి ఉంటాయి. ఒక గడిపై ‘వరుస సంఖ్య’ అనీ, మరొక గడిపై ‘పేరు’ అనీ శీర్షికలుంటాయి. ఈ శీర్షికలు ఏ విద్యార్థిని గురించీ చెప్పవు. పట్టీని గురించే చెబుతాయి. ఇటువంటి ‘సమాచారాన్ని గురించిన సమాచారా’న్నే మెటాడేటా అంటారు.

కంప్యూటరులోని సమాచారాన్ని కూడా పట్టికలుగా అమర్చే పద్ధతిని ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఇ. ఎఫ్. కాడ్ 1970లో ప్రతిపాదించాడు. అటువంటి పట్టికల సముదాయమే రిలేషనల్ డేటాబేస్. దానికి ఎస్.క్యు.ఎల్. భాషలో ఆజ్ఞలివ్వాలి. పైథాన్ వంటి భాషలో ప్రోగ్రాం రాసేవారు ‘ఆబ్జెక్టు’లతో పని చేస్తారు. ఈ రెండింటికీ మధ్య దుబాసీగా ఉండేదే ఆబ్జెక్ట్-రిలేషనల్ మాపింగ్ లైబ్రరీ. 2006లో వెలువడిన ఎస్.క్యు.ఎల్.ఆల్కెమీ అటువంటిదే.

దుబాసీకి పట్టిక స్వరూపం ముందుగా తెలియాలి కదా! అందుకని ప్రతి పట్టికనూ ‘టేబుల్’ అనీ, దానిలోని నిలువు వరుసలను ‘కాలమ్’లనీ పేర్కొంటూ వర్ణిస్తాము. ఈ వర్ణనలన్నీ చేరే చోటు ‘మెటాడేటా’ అనే ఆబ్జెక్టు. ఉదాహరణకు రెండు పట్టికలు చూడండి.

విద్యార్థులు: సంఖ్య (పూర్ణాంకం, ప్రైమరీ కీ), పేరు (50 అక్షరాల వరకు, ఖాళీగా ఉండరాదు).

పరీక్షలు: క్రమసంఖ్య (పూర్ణాంకం, ప్రైమరీ కీ), విద్యార్థి సంఖ్య (పూర్ణాంకం, ఫారిన్ కీ), మార్కులు (పూర్ణాంకం).

ప్రైమరీ కీ అంటే ఏ ఇద్దరికీ ఒకటిగా ఉండని గుర్తు. ఫారిన్ కీ అంటే, ఇక్కడి సంఖ్య మొదటి పట్టికలో ఉన్నదే అయి ఉండాలన్న నియమం.

కాలమ్ రకాన్ని ఎందుకు చెప్పాలి? మార్కులను పూర్ణాంకంగా కాక అక్షరాలుగా వర్ణించామనుకోండి. అప్పుడు కంప్యూటరు వాటిని నిఘంటువులో మాటల వలె ఎడమనుండి పోలుస్తుంది. 3 కన్నా 1 ముందు వస్తుంది కనుక, 35 కన్నా 100 చిన్నదవుతుంది! నూటికి నూరు తెచ్చుకున్న విద్యార్థి అట్టడుగుకు పోతాడు. దీనికి విరుద్ధంగా, హైదరాబాదు ఎస్.టి.డి. కోడ్ 040ను పూర్ణాంకంగా వర్ణిస్తే, ముందున్న సున్న పోయి 40 మాత్రమే మిగులుతుంది.

వర్ణన పూర్తి అయ్యాక ‘క్రియేట్ ఆల్’ అనే ఒక్క ఆజ్ఞ చాలు. లైబ్రరీ తగిన ఎస్.క్యు.ఎల్. వాక్యాలను తానే రాసి, డేటాబేస్‌లో లేని పట్టికలను సృష్టిస్తుంది. ఫారిన్ కీని బట్టి విద్యార్థుల పట్టికను ముందు, పరీక్షల పట్టికను తరువాత తయారు చేస్తుంది. డేటాబేస్ ఎస్.క్యు.లైట్ అయినా, పోస్ట్‌గ్రెస్ అయినా, దానికి తగిన యాసలో మాట్లాడుతుంది.

ఒక సంగతి మరువకండి. పట్టిక ఏర్పడ్డాక వర్ణనలో కొత్త కాలమ్ చేర్చి, మళ్ళీ అదే ఆజ్ఞ ఇచ్చినా పాత పట్టిక మారదు. అచ్చయిన హాజరు పట్టీలో కొత్త గడి దానంతట అది పుట్టదు కదా! ఆ మార్పును ‘మైగ్రేషన్’ అనే వేరే పనిగా చేయాలి. కనుక ముందే ఆలోచించి వర్ణించడం మేలు.

మీరే చేసి చూడండి: మీ పాఠశాల గ్రంథాలయానికి కావలసిన పట్టికలను కాగితంపై వర్ణించండి. ఫోను నంబరు ఏ రకం? దానిని ఎవరైనా కూడతారా, తీసివేస్తారా? జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది.