పందెపు సొమ్ము పోయినప్పుడు

పాఠ్యభాగము: నిర్గమకాండము 22:1-9, లేవీయకాండము 6:1-7, లూకా 19:1-10



గడచిన సంక్రాంతి దినములలో మన బత్తలపల్లి ప్రాంతపు సంఘస్థుడొకడు రాత్రివేళ మా తలుపు తట్టెను. పేకాటలో ఆరువేల రూపాయలు గెలిచి, నోట్లను తువ్వాలులో చుట్టి, చింతచెట్టు క్రింద చాపమీద విడిచి, నీళ్లు త్రాగుటకు పోయెనట. తిరిగి వచ్చునప్పటికి తువ్వాలున్నది, సొమ్ము లేదు.

"అయ్యగారూ, స్టేషనుకు పోయేదా? శెనక్కాయలు అమ్మిన దుడ్డని రాయించమంటాండారు" అనెను. మరియొకడు అంజనము వేయించమనెనట. టీ అంగడి కుర్రవానిమీద అందరికిని అనుమానము. చూచినవాడు ఒక్కడును లేడు. అయినను ఆ సాయంకాలమే అంగడివాడు పిల్లవానిని పనిలోనుండి తీసివేసెను.

మొదట చట్టము సంగతి చూతము. పందెములో ఓడినవాడు సొమ్ము ఈయకపోయిన యెడల దావా చెల్లదు. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను అట్లు చెప్పుచున్నది. దొంగతనము వేరు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను, అంతకుముందున్న పీనలు కోడువలెనే, ఒకని స్వాధీనములోనున్న సొత్తును అతని సమ్మతి లేక దుర్బుద్ధితో తీసికొనిపోవుటను దొంగతనమనుచున్నది. సొమ్ము జూదములో వచ్చినదనుట దొంగకు రక్ష కాదు. గనుక ఫిర్యాదు చేయవచ్చును. అయితే నిజము వ్రాయించినచో, బహిరంగస్థలమున పేకాడితినని తానే ఒప్పుకొనినట్లగును. 1974 నాటి మన రాష్ట్రపు గేమింగు చట్టము క్రింద దానికిని శిక్ష యున్నది. సొమ్ము దొరికినను అది ఎవరికి చేరవలెనో తీర్మానించునది కోర్టు. శెనక్కాయల సొమ్మని వ్రాయించినచో, అబద్ధపు సమాచారమిచ్చిన మరియొక నేరము మెడకు చుట్టుకొనవచ్చును. వకీలునకు రుసుము ఈయలేని బీదలకు 1987 నాటి చట్టము చొప్పున ఉచిత న్యాయసహాయము దొరకును. ముందుగా అచ్చట అడుగుమంటిని.

అంజనము మాట ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయమే తేల్చినది.

ఇక వాక్యము. దొంగ రెండంతలు చెల్లింపవలెనని నిర్గమకాండము, సొమ్ముతో అయిదవ వంతు కలిపి ఈయవలెనని లేవీయకాండము చెప్పుచున్నవి. పోగొట్టుకొనినవాడు మంచివాడా అని ఈ రెండును అడుగుట లేదు. జూదరి సొమ్మే గదా అని దొంగిలించినవాడు తప్పించుకొనజాలడు. ఈ మాట వినగానే మనవాని ముఖము తేటపడెను. సొమ్ము దొరికిన యెడల దశమభాగము సంఘమునకిత్తుననెను! గుడి రేకులు కారుచున్నవి గనుక నాకును ఒక నిమిషము ఆశ కలిగిన మాట వాస్తవమే. కాని యూదా విసిరివేసిన వెండిని కానుకల పెట్టెలో వేయరాదని ఆ ప్రధానయాజకులకు సహితము తెలిసినది (మత్తయి 27:6).

అతనిని సమ్సోను పందెము చదువుమంటిని (న్యాయాధిపతులు 14). ముప్పది దుస్తులు పందెమొడ్డి ఓడి, అష్కెలోనులో ముప్పదిమందిని చంపి వారి బట్టలతో బాకీ తీర్చెను. ఆ ముప్పదిమంది పొడుపుకథ విననైన వినలేదు. పందెము ఎప్పుడును ఆడినవారితో ఆగదు. మన చింతచెట్టు క్రింద ఓడినవారిలో ఒకడు భార్య కమ్మలు కుదువపెట్టి వచ్చినవాడు. ఆమె పేకముక్క ముట్టలేదు. టీ అంగడి కుర్రవాడును ముట్టలేదు.

"నీ ఆరువేలు ఎవరెవరివి నాయనా?" అని అడిగితిని. వ్రేళ్లమీద లెక్కించి నలుగురి పేర్లు చెప్పెను. జక్కయ్యను ప్రభువు లెక్క అడిగినట్లు వ్రాయబడలేదు; అతడే లేచి, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు ఇత్తుననెను. మనవాడు నాలుగంతలు అక్కరలేదు, ఉన్నది తిరిగి యిచ్చినను చాలుననుకొంటిని.

మరునాడతడు స్టేషనుకు పోకముందు టీ అంగడికి పోయి, తాను చూడలేదని పదిమందియెదుట చెప్పి, కుర్రవానిని మరల పనిలో పెట్టించెను. ఫిర్యాదు చేసిన యెడల ఉన్నదున్నట్లు వ్రాయింతుననుచున్నాడు. కమ్మల సంగతికి ఇంకను జవాబు రాలేదు. శుక్రవారపు గృహకూటములలో ఈ భాగములు చదువునప్పుడు, సొమ్ము దొరికినచో ఎవరి చేతికి పోవలెనో మీరును ఆలోచించుడి. అతడును కూటమునకు వచ్చును, పేరెత్తకుడి.