రోడ్డుమీద చలాను: పంచాయతీ సభ్యుల కర్తవ్యము

ఎల్లారెడ్డి ప్రాంతమునుండి ఒక రైతు మోటారు సైకిలుపై పాలు తీసికొని కామారెడ్డికి పోవుచున్నాడనుకొందము. దారిలో పోలీసువారు ఆపిరి. అతివేగముగా వచ్చితివని వారనిరి, రాలేదని అతడనెను. ఒకవైపు పాలు విరుగునను తొందర, ఇంకొకవైపు నలుగురు చూచుచున్నారను సిగ్గు. అప్పుడతడు మొదట చేయు పని తన వార్డు సభ్యునకో, సర్పంచునకో ఫోను చేయుట. ఆ సభ్యుడు ఏమి చెప్పవలెను? ఈ విషయమును ఈ నెల విచారింతము.

“మావాడే, విడిచిపెట్టుడు” అని అధికారితో చెప్పుట మనకు అలవాటైన మార్గము. దానివలన ఆ పూట పని జరుగవచ్చును. కాని తప్పు చేసినవాడు దానివలన దిద్దుకొనడు. తప్పు చేయనివాని మాట నిజమని తేలదు. సభ్యుల పరిచయము లేని కూలివానికి ఆ ఉపకారము అందనే అందదు. తప్పు చేయనివానికి కావలసినది దయ కాదు, న్యాయము. ఆ న్యాయమునకు చట్టము చూపిన దారిని ఎల్లరకు తెలుపుటయే సభ్యుల పని.

ఆపినచోట చేయవలసినది

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, యూనిఫారములోనున్న పోలీసు అధికారి అడిగినపుడు లైసెన్సు చూపుట నడుపువాని విధి. డిజిలాకర్‌లో గాని, ఎం-పరివాహన్‌లో గాని ఉన్న పత్రములను ఫోనులో చూపినను చెల్లును. ఆపకుండ పారిపోయినను, ఆజ్ఞను ధిక్కరించినను మొదటి ఆరోపణకు రెండవది తోడగును. తనపై మోపిన నేరమేదో, అది ఏ సెక్షను క్రిందిదో నెమ్మదిగా అడుగవచ్చును. స్థలము, సమయము, అక్కడనున్న వేగపరిమితి బోర్డు, చూచిన సాక్షుల పేర్లు వెంటనే వ్రాసి ఉంచుకొనవలెను. అధికారి లైసెన్సు తీసికొన్నచో 206వ సెక్షను ప్రకారము రసీదు ఇయ్యవలెను. లైసెన్సు తిరిగి వచ్చువరకు గాని, రసీదులో అధికారి వ్రాసిన తేదీవరకు గాని, ఏది ముందైన అంతవరకు ఆ రసీదే బండి నడుపుటకు అనుమతి.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది 200వ సెక్షను. కొన్ని నేరములను, అధికారముగల ఉద్యోగికి నిర్ణీతమైన పైకము చెల్లించి అంతటితో ముగించుకొనవచ్చునని ఆ సెక్షను చెప్పుచున్నది. చెల్లించిన పిమ్మట తదుపరి చర్య ఉండదు, వాదమునకును తావుండదు. కాబట్టి “ముందు కట్టుదము, తరువాత అడుగుదము” అనుట పొరపాటు. తప్పు చేసినవాడు చెల్లించి రసీదు పుచ్చుకొనవలెను. చేయలేదని నమ్మినవాడు చెల్లింపక, తన మాటను న్యాయస్థానమునకై దాచుకొనవలెను. వాదమునకు తగిన చోటు రోడ్డు కాదు.

మన పాలరైతు సంగతికి వత్తము. అతివేగమును గూర్చిన 183వ సెక్షనులో ఒక రక్షణ కలదు. ఇంత వేగముగా పోయెనని ఒక్క సాక్షి తన అభిప్రాయము చెప్పినంతమాత్రమున శిక్ష వేయరాదు. ఆ అభిప్రాయమునకు యంత్రముతో గాని, ఎలక్ట్రానిక్ పరికరముతో గాని కొలిచిన ఆధారముండవలెను. మద్యము సేవించి నడపిన ఆరోపణ వేరు. అది రోడ్డుమీద పైకముతో ముగియదు, కోర్టుకు పోవును.

ఇంటికి వచ్చిన చలాను

కామారెడ్డిమీదుగా పోవు 44వ నంబరు జాతీయ రహదారిపై ఎవరును ఆపకున్నను చలాను రావచ్చును. అందులోని ఫొటోను, నంబరును, తేదీని, స్థలమును శ్రద్ధగా చూడవలెను. బండి మనది కాకున్నచో, నంబరు తప్పుగా చదివియున్నచో రాష్ట్ర పోలీసుల ఇ-చలాన్ వెబ్‌సైటులో ఫిర్యాదు చేయవచ్చును. దానికి ఖర్చు లేదు. కెమెరా చలానులను గూర్చి 2021లో చేర్చిన నియమము ప్రకారము, నేరము జరిగిన 15 దినములలో నోటీసు పంపవలెను.

గ్రామములలో తరచు కనబడు చిక్కు మరియొకటి కలదు. బండి అమ్మి పైకము పుచ్చుకొందురు గాని పేరు మార్పించరు. రిజిస్టరులో పేరున్నవానినే చట్టము యజమానిగా చూచునని సుప్రీంకోర్టు 2018లో చెప్పినది. అమ్మినవాడు 14 దినములలో రవాణాశాఖకు తెలుపవలెను. లేనిచో కొన్నవాని తప్పునకు చలాను ఇతని ఇంటికి వచ్చును.

న్యాయస్థానములో

సమను వచ్చినపుడు ఊరకుండరాదు. స్వయముగా గాని, న్యాయవాది ద్వారా గాని హాజరు కావచ్చును. నేరము ఒప్పుకొనుచున్నానను కాగితముపై దాని అర్థము తెలియక వ్రేలిముద్ర వేయరాదు. నేరమును రుజువు చేయు భారము ఆరోపించినవారిది. ఎల్లారెడ్డిలో కోర్టు కలదు. కామారెడ్డిలో 2022 జూన్‌లో జిల్లా న్యాయస్థానము ఏర్పడినది. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. తక్కువ ఆదాయముగలవారును అడుగవచ్చును. 15100 నంబరునకు ఫోను చేసి విచారింపవచ్చును.

లోక్ అదాలత్ రాజీకి ఏర్పడినది. నిర్దోషినని రుజువు చేసికొను చోటు కాదు. అక్కడ జరిగిన పరిష్కారముపై అప్పీలు లేదు. ఈ భేదము తెలిసి పోవలెను.

చిన్న జరిమానాకై కోర్టునకు పోయిన కూలివాడు ఒకటి రెండు దినముల కూలి పోగొట్టుకొనును. ఈ సంగతి దాచరాదు. పోవుటయా, మానుటయా అనునది అతడే నిర్ణయించుకొనవలెను. నిర్ణయమునకు ముందు అన్ని విషయములు అతనికి తెలియవలెను. తెలుపుట మన పని.

సభ్యులకు మనవి

పంచాయతీ కార్యాలయములో ఒక పుస్తకముంచి, సమను తేదీలు వ్రాసి, ముందుగా జ్ఞాపకము చేయుడు. చదువురానివారికి నోటీసు చదివి చెప్పుడు. ఫిర్యాదు వ్రాయుటకు చదువుకొన్న యువకులను తోడిండు. గ్రామసభలో హెల్మెటు, లైసెన్సు, బీమా సంగతులను కూడ చెప్పుడు. హెల్మెటు నడుపువానికే కాక వెనుక కూర్చున్నవానికిని అవసరము. తన విధి నెరవేర్చినవాడు హక్కు అడుగునపుడు గొంతు వణకదు.

ఇకమీదట దారినుండి ఫోను వచ్చినపుడు “అధికారికి ఫోనియ్యి” అనుటకు బదులు, “బండి ప్రక్కకు ఆపి, కాగితములు చూపి, సెక్షను అడిగి వ్రాసికొనుము, సాయంకాలము కూర్చుండి చూతము” అని చెప్పుడు. ఆ మాట ఊరిలో ప్రతివానికిని అందును.